కొత్త కీవర్డ్‌లను దొరకబుచ్చుకోవడం ఎలా?

కీవర్డ్ అంటే గూగుల్ లాంటి చోట వెతకడానికి జనం టైపు చేసే మాట. ఒకే విషయం మీద రాసేవారు వందమంది ఉన్నారనుకుందాం. వందమందీ అదే కీవర్డ్ టూల్ (జనం ఏ మాటలు వెతుకుతున్నారో చూపే సాధనం) తెరిచి అదే మాట టైపు చేస్తే, వందమందికీ అదే జాబితా వస్తుంది. అందరూ ఒకే బావిలో చేద వేస్తుంటే చివరికి బురదే పైకి వస్తుంది. కొత్తగా మొదలైన సైటు ఆ జాబితాలోని మొదటి పది మాటల కోసం ఏళ్లనాటి సైట్లతో తలపడుతుంది. నెలల తరబడి చెమటోడ్చి, ఫలితాల్లో ఎక్కడో మూడో పేజీ దగ్గర ఆగిపోతుంది. ఆ శ్రమ చూసినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది, ఎందుకంటే ఎవరూ తాకని కీవర్డ్‌లు ఎప్పుడూ ఉంటాయి. రోజూ తనకు వచ్చే శోధనల్లో సుమారు 15 శాతం అంతకుముందు ఎన్నడూ చూడనివేనని గూగుల్ ఏళ్లుగా చెబుతూ వస్తోంది. టూల్‌లు జరిగిపోయిన శోధనల లెక్కల మీద పనిచేస్తాయి. రేపు మొదటిసారి టైపు కాబోయే మాట వాటికి ఎలా తెలుస్తుంది? ఆ మాట ఇప్పుడు సమస్యలో ఉన్న ఒక మనిషి నోట్లో ఉంది. అందుకే నేను చెప్పే పద్ధతిలో ముందు వినడం, తర్వాత వెతకడం, ఆ తర్వాతే టూల్‌లు.

చెప్పేది గాలిలో తేలిపోకుండా ఒకే ఉదాహరణను చివరిదాకా పట్టుకుని నడుద్దాం. సైకిలు మరమ్మతు, సంరక్షణ గురించి రాసే ఒక సైటు. మీ విషయం వేరైనా అడుగులు ఇవే.

1. టూల్ తెరవక ముందు కాగితం తీసుకోండి

ఇరవై నిమిషాలు చాలు. కాగితం మధ్యలో నిలువుగా గీత గీయండి. ఎడమవైపు మీ రంగంలో మీరు రోజూ వాడే మాటలు రాయండి. కుడివైపు, ఆ మాట తెలియని మనిషి అదే విషయాన్ని ఎలా చెబుతారో రాయండి.

సైకిళ్ల గురించి రాయడం మొదలుపెట్టిన కొత్తలో ‘డ్రైవ్‌ట్రెయిన్ సంరక్షణ’ అని పెద్ద వ్యాసం రాశాను. గొలుసు, పళ్ల చక్రాలు, గేర్లు, నూనె అన్నిటి గురించీ అందులో ఉంది. నెలలు గడిచినా చదివేవారు రాలేదు. వ్యాసంలో తప్పేమీ లేదు. శీర్షికలో పెట్టిన మాట మాత్రం సైకిలును విప్పి బిగించే అలవాటు ఉన్నవారికి తప్ప మరొకరికి తెలియదు. ఇంట్లో సైకిలు పాడైన మనిషి దగ్గర ‘డ్రైవ్‌ట్రెయిన్ సమస్య’ లేదు, ఒక శబ్దం ఉంది. ఆ మనిషి ‘సైకిలు తొక్కుతుంటే టక్ టక్‌మని శబ్దం’ అని వెతుకుతారు. వస్తువు పేరు తెలియనప్పుడు మనం చేయగలిగింది లక్షణాన్ని వర్ణించడమే కదా. ఎవరూ తాకని కీవర్డ్‌లు ఎక్కువగా ఉండేది ఈ వర్ణనల్లోనే.

కుడివైపు గడి నింపేటప్పుడు మిమ్మల్ని మీరు వరసగా అడగండి: ఏమి కనబడుతోంది? ఏమి వినబడుతోంది? చేతికి ఎలా తగులుతోంది? ఎప్పుడు మొదలైంది? ఏ పని చేస్తుంటే ఎక్కువవుతోంది? శబ్దాన్ని ఒక్కదాన్నే తీసుకోండి. పెడల్ ఒక చుట్టు తిరిగినప్పుడల్లా ఒక్కసారి వచ్చే చప్పుడుకు పెడల్‌లోనో, దాన్ని మోసే ఇరుసులోనో బిగువు తగ్గడం కారణం కావచ్చు. తొక్కడం ఆపినా చక్రం తిరుగుతున్నంతసేపూ వచ్చే చప్పుడైతే చూపు చక్రం వైపు, బ్రేకు వైపు పోవాలి. బ్రేకు పట్టినప్పుడు మాత్రమే వచ్చే కీచుశబ్దం ఇంకొకటి. ఎత్తు ఎక్కేటప్పుడు, బలంగా తొక్కితేనే వచ్చేది మరొకటి. కారణాలు వేరు, మరమ్మతులు వేరు, వెతికే మాటలూ వేరు. ‘సైకిలు శబ్దం’ అనే ఒక్క గడి నాలుగు గడులైంది. టూల్‌లో ‘సైకిలు మరమ్మతు’ అని కొడితే ఈ నాలుగూ ఒక వరసలో దొరకడం కష్టం.

2. మనుషుల మాటలను ఉన్నదున్నట్టు రాసుకోండి

నా దృష్టిలో మొత్తం పనిలో అతి విలువైన అడుగు ఇది. తొందరపడకండి.

మీకు వచ్చే ప్రశ్నలన్నీ ఒకచోట చేర్చండి. ఈమెయిళ్లు, మెసేజ్‌లు, ఫోనులో అడిగినవి, ఎదురుపడి అడిగినవి, అన్నీ. ఫోనులో అడిగిన ప్రశ్నను పెట్టేసిన వెంటనే రాసుకోండి. గంట గడిస్తే మనకు తెలియకుండానే దాన్ని మన భాషలోకి మార్చేస్తాం. మీ ప్రశ్నలు చాలకపోతే చర్చా వేదికల్లో శీర్షికలు చూడండి. అక్కడ ప్రశ్న వేసేవారు తమ బాధనంతా ఒక్క వాక్యంలోకి కుదించి శీర్షికగా పెడతారు. వెతికే పెట్టెలో టైపు చేసేది కూడా దాదాపు ఆ వాక్యమే. వస్తువుల మీద సమీక్షల్లో అయితే ఐదు నక్షత్రాలవీ ఒక నక్షత్రానివీ వదిలేసి మధ్యవి చదవండి. మెచ్చుకునేవారు ‘బాగుంది’ అని ఆగిపోతారు, కోపంతో ఉన్నవారు కోపమే రాస్తారు. మూడు నక్షత్రాలు ఇచ్చినవారు ఏది పనిచేసిందో, ఏది ఎక్కడ తేడా కొట్టిందో ఓపికగా చెబుతారు. వీడియోల కింద వ్యాఖ్యల్లో ‘మరి నా దాంట్లో ఇలా కాదు’ అని మొదలయ్యేవి వెతకండి. ఆ వీడియో జవాబు చెప్పకుండా వదిలేసిన ప్రశ్న అక్కడే ఉంటుంది.

నియమం ఒక్కటే: మాట మార్చకూడదు. అక్షరదోషాన్ని కూడా అలాగే ఉంచండి.

ఒక పాఠకుడి ప్రశ్న ఇలా వచ్చిందనుకుందాం: ‘వానలో తడిశాక చైను కిర్రుకిర్రుమంటోంది, నూనె వేసినా రెండు రోజులకే మళ్లీ మొదలు.’ దీన్ని నిదానంగా విడదీయండి. ‘వానలో తడిశాక’ అన్నది సందర్భం. దాని నుంచి ‘సైకిలు వానలో తడిస్తే ఏమి చేయాలి’ అనే కీవర్డ్ వస్తుంది. ‘కిర్రుకిర్రుమంటోంది’ అన్నది లక్షణం. ‘చైను’ అన్నది మీరు గమనించాల్సిన మాట, ఎందుకంటే మీరు వ్యాసమంతా ‘గొలుసు’ అని రాసి ఉండవచ్చు. అన్నిటికన్నా గొప్పది ‘నూనె వేసినా’ అన్న భాగం. అందరూ చెప్పే జవాబును ఆ మనిషి అప్పటికే ప్రయత్నించారు, అది పనిచేయలేదు. ‘నూనె వేసినా చైను శబ్దం పోవడం లేదు’ అని వెతికేవారికి ‘నూనె వేయండి’ అని చెప్పే పేజీలు ఎన్ని ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. మురికిని తుడవకుండా పైపైన నూనె వేస్తే ఇసుక, తుప్పు నూనెతో కలిసి గొలుసును ఇంకా అరగదీస్తాయని, ముందు శుభ్రం చేసి, ఆరనిచ్చి, నూనె వేశాక పైన మిగిలినదాన్ని తుడిచేయాలని చెప్పే పేజీ వారికి కావాలి.

అందుకే ‘చేసినా’, ‘మార్చినా’, ‘వేసినా’, ‘అయినా’ అనే మాటలు కనబడిన ప్రతి ప్రశ్న పక్కన ఒక చుక్క పెట్టుకోండి. మొదటి జవాబు విఫలమయ్యాక పుట్టిన ప్రశ్నలు అవి. వాటికి పోటీ తక్కువ, అడిగేవారి అవసరం ఎక్కువ.

3. వెతికే పెట్టెనే అడగండి

ఇప్పుడు బ్రౌజర్ తెరవండి. మీ పాత శోధనల ప్రభావం పడకుండా ప్రైవేటు కిటికీలో, అకౌంటులోకి లాగిన్ కాకుండా పని చేయండి. గూగుల్ పెట్టెలో టైపు చేస్తుంటే కింద రాలే సూచనలు నిజంగా జనం చేసిన శోధనల నుంచే వస్తాయి. భాష, ఉన్న చోటు, ఆ రోజుల్లో దేని మీద ఆసక్తి పెరుగుతోంది అన్నవి కూడా వాటిని మారుస్తాయి.

మాట టైపు చేసి ఖాళీ వదిలి ఒక్కో అక్షరం కొట్టడం అందరూ చేసేదే. అదీ చేయండి, తప్పులేదు. దానికన్నా మంచి పంట ఇచ్చేవి రెండున్నాయి. ఒకటి, కర్సర్‌ను వాక్యం మొదటికి తీసుకువెళ్లడం. ‘సైకిలు చైను’ అని టైపు చేసి, కర్సర్‌ను ముందుకు జరిపి ఒక అక్షరం కొట్టండి. ఇప్పుడు ఆ మాటకు ముందు వచ్చే మాటలు కూడా కనబడవచ్చు. రెండోది మన భాషకే చెందిన సంగతి. తెలుగులో విభక్తి మాటకు అతుక్కుని ఉంటుంది కాబట్టి ప్రత్యయం మారితే సూచనల తీరూ మారిపోతుంది. ‘చైనుకు’ అంటే ఏమి వేయాలి అనే వైపు, ‘చైనును’ అంటే ఏమి చేయాలి అనే వైపు, ‘చైను నుంచి’ అంటే శబ్దం వైపు దారి తీస్తుంది. ఒక్క నామవాచకాన్ని ఐదారు రూపాల్లో కొట్టి చూడండి. ఇంగ్లీషు పద్ధతులను అలాగే దించుకునేవారు ఈ పని చేయరు.

తర్వాత ప్రశ్నపదాలు: ఎందుకు, ఎలా, ఎప్పుడు, ఎంత, ఏది. వాటితో పాటు నాకు బాగా ఇష్టమైనవి ‘లేకుండా’, ‘తర్వాత’, ‘బదులు’, ‘ఉండగా’. ముఖ్యంగా ‘లేకుండా’. ‘పనిముట్టు లేకుండా చైను ఎక్కించడం’, ‘పంపు లేకుండా గాలి నింపడం’, ‘చక్రం విప్పకుండా పంక్చరు వేయడం’. ఈ మాట వాడే మనిషికి ఒక అడ్డంకి ఉంది, దాన్ని దాటే దారి కావాలి. సాధారణ వ్యాసాలు అన్నీ చేతిలో ఉన్న మనిషి కోసమే రాస్తాయి.

ఒక మాట సూచనల్లో రాకపోతే దాన్ని ఎవరూ వెతకడం లేదని అనుకోకండి. కొన్ని రకాల సూచనలను గూగుల్ తన నియమాల ప్రకారం చూపించదు. అరుదైన మాటలు కూడా అక్కడిదాకా రావు. కాగితం మీది కుడివైపు గడిని కొట్టివేయడానికి ఈ ఒక్క కారణం చాలదు.

ఫలితాల మధ్యలో ఇతరులు అడిగే ప్రశ్నల పెట్టె కనబడితే ఒక ప్రశ్నను తెరవండి. కింద ఇంకొన్ని పుట్టుకొస్తాయి. రెండు మూడు తెరిచేసరికి విషయం పక్కదారి పట్టడం మొదలవుతుంది. సైకిలు గొలుసు దగ్గర మొదలై మోటారు వాహనాల దగ్గరికి వెళ్లిందంటే అక్కడ ఆగండి. పేజీ అడుగున ఉండే సంబంధిత శోధనలూ చూడండి. చిత్రాల విభాగంలో బొమ్మల పైన చిన్న చిన్న పట్టీల్లో కొన్ని మాటలు కనబడుతుంటాయి, అవి చాలామంది పట్టించుకోని నిధి. యూట్యూబ్ పెట్టెలో వచ్చే సూచనలు వేరుగా ఉంటాయి. చేతితో చేసే పనుల విషయంలో గూగుల్ పెట్టె కన్నా అదే ఎక్కువ చెబుతుంది.

లిపి గురించి కూడా ఒక మాట. తెలుగు పాఠకులు ఒకే ప్రశ్నను తెలుగు లిపిలో, తెలుగు మాటలనే ఇంగ్లీషు అక్షరాల్లో, రెండు భాషలు కలిపి, ఇలా మూడు తీరుల్లో వెతుకుతారు. తెలుగు లిపిలోనే ‘సైకిల్’, ‘సైకిలు’, ‘చైన్’, ‘చైను’, ‘గొలుసు’ అని రూపాలు మారతాయి. అన్నీ కొట్టి చూడండి, వచ్చిన సూచనలన్నీ రాసుకోండి. ఆ రూపాలన్నిటినీ పేజీలో కుక్కమని కాదు. ఒక తీరులో వెతికేవారు అడగని ప్రశ్నను మరో తీరులో వెతికేవారు అడుగుతారు. మనకు కావలసింది ఆ ప్రశ్న.

4. మీ సైటుకు ఇప్పటికే వస్తున్న మాటలను తవ్వండి

సైటు కొత్తదైతే ఈ అడుగు దాటేసి మూడు నెలల తర్వాత తిరిగి రండి. కొంతకాలంగా నడుస్తున్నదైతే, మీ సైటు గూగుల్ శోధనల్లో ఎలా కనబడుతోందో చూపే గూగుల్ సెర్చ్ కన్సోల్ మీ ఇంటి పెరట్లోని గని. డబ్బు కట్టనక్కరలేదు, అందులోని లెక్క మీ సైటుకే చెందింది, పక్క సైటువారికి అది కనబడదు.

పనితీరు నివేదిక తెరవండి. మామూలుగా మూడు నెలల లెక్కే చూపిస్తుంది, దాన్ని 16 నెలలకు మార్చండి. అంతకన్నా వెనక్కి అది వెళ్లదు. క్లిక్‌లు, ఇంప్రెషన్‌లతో పాటు సగటు స్థానం కూడా కనబడేలా పెట్టుకోండి. ఇంప్రెషన్ అంటే మీ పేజీ శోధన ఫలితాల్లో ఒకసారి కనబడటం. ఇప్పుడు సగటు స్థానం 10 కన్నా ఎక్కువ ఉన్నవాటిని మాత్రమే వడకట్టి, ఇంప్రెషన్‌ల ప్రకారం పెద్దవి పైకి వచ్చేలా పేర్చండి. గూగుల్ మీ పేజీని చాలాసార్లు చూపిస్తోంది, కానీ దూరంగా చూపిస్తోంది. అంటే ఆ మాటకు మీ పేజీ కొంత సంబంధం ఉన్నదే, సరైన జవాబు మాత్రం కాదు. సరైన జవాబు రాసే అవకాశం మీకు మిగిలి ఉంది.

పట్టికలో 1,000 వరసలే కనబడతాయి. పెద్ద సైటైతే ఒక్కో పేజీని ఎంచుకుని విడివిడిగా చూస్తే మరిన్ని మాటలు బయటపడతాయి. 2021 నుంచి ఇందులో రెజెక్స్‌తో వడకట్టే వీలుంది. పేరు చూసి బెదరకండి, ఒకేసారి చాలా మాటలను వెతికే చిన్న సూత్రం అది. ‘ఎలా’, ‘ఎందుకు’, ‘ఎప్పుడు’, ‘లేకుండా’ అనే మాటలను మధ్యలో నిలువు గీత పెట్టి వరసగా రాస్తే, వాటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ శోధన బయటికి వస్తుంది. మరీ కొద్దిమంది మాత్రమే వెతికిన మాటలను వ్యక్తుల గోప్యత కోసం గూగుల్ ఇక్కడ చూపించదు. అందుకే పైన మొత్తం క్లిక్‌లకూ కింద వరసల్లోని క్లిక్‌లకూ లెక్క కుదరదు, మీ తప్పు కాదు.

గొలుసు మార్చడం గురించిన మీ పేజీ కింద ‘కొత్త చైను వేసినా జారుతోంది’ అనే శోధన కనబడిందనుకోండి. దాన్ని చూసి వెంటనే కొత్త పేజీ మొదలుపెట్టవద్దు. ముందు ఆ మనిషికి ఏమి జరిగిందో ఆలోచించండి. పాత గొలుసుతో పాటు వెనక పళ్ల చక్రాలు కూడా అరిగిపోయి ఉంటాయి. అరిగిన పళ్ల మీద కొత్త గొలుసు కుదురుగా కూర్చోదు, బలంగా తొక్కితే జారుతుంది. ఈ ప్రశ్నకు జవాబు గొలుసు ఎలా మార్చాలో చెబితే తేలదు. అరుగుదలను ఎలా గుర్తించాలి, రెండూ ఎప్పుడు కలిపి మార్చాలి అన్నవి చెప్పాలి. కాబట్టి దీనికి వేరే పేజీ న్యాయమే. అదే ‘చైను ఎటువైపు తిరగాలి’ అని వస్తే, ఉన్న పేజీలోనే ఒక ఉపశీర్షిక, నాలుగు వాక్యాలు చాలు. జవాబు నాలుగు వాక్యాల్లో అయిపోతే చేర్చండి, వేరే కారణం, వేరే పని అయితే విడిగా రాయండి. నేను పాటించే కొలమానం ఇదే.

మీ సైటులో వెతికే పెట్టె ఉంటే అందులో ఏమి టైపు చేస్తున్నారో కూడా చూడండి. మీ దగ్గర ఉంటుందని నమ్మి వెతికి, దొరకక వెళ్లిపోయినవారి జాబితా అది.

5. పక్కదారుల్లో ఒక చుట్టు

ఇక్కడ ఎక్కువసేపు ఉండనక్కరలేదు, కానీ రాకుండా ఉండవద్దు. వస్తువులతో వచ్చే వాడుక పుస్తకాల చివర లోపాలు, పరిష్కారాల పట్టిక ఉంటుంది. దాని ఎడమ నిలువు వరస మొత్తం లక్షణాలే. మొదటి అడుగులో మీరు తల గోక్కుంటూ రాసింది అక్కడ అచ్చు వేసి ఉంటుంది. విషయం మీద వచ్చిన మంచి పుస్తకాల వెనక ఉండే పదసూచిక, వికీపీడియా వ్యాసంలోని విభాగాల పేర్లు మీరు మరచిపోయిన మూలలను గుర్తు చేస్తాయి.

పోటీ సైట్లను చూడవలసిందే. వాటి కీవర్డ్‌లను దించుకోవడానికి వెళ్లకండి. వాటి మంచి వ్యాసం ఒకటి మొదటి నుంచి చివరిదాకా చదివి, ఎక్కడ ‘అవసరాన్ని బట్టి’, ‘నిపుణుల సలహా తీసుకోండి’ అని దాటవేశారో గుర్తించండి. దాటవేసిన చోట ఒక ప్రశ్న మిగిలిపోయి ఉంటుంది.

6. కాలాన్ని కూడా లెక్కలోకి తీసుకోండి

ఒక మాట మీద జనం ఆసక్తి కాలంతో పాటు ఎలా మారిందో చూపే గూగుల్ ట్రెండ్స్‌లో 2004 నుంచి లెక్కలు ఉన్నాయి. అందులో కనబడే 0 నుంచి 100 అంకెలు శోధనల సంఖ్య కాదు. మీరు ఎంచుకున్న కాలంలో, చోటులో ఆ మాట మీద ఆసక్తి అత్యధికంగా ఉన్న సమయాన్ని 100 అనుకుని మిగతావి దానితో పోల్చి చూపిస్తుంది. ఇది తెలియక 40 అనే అంకె చూసి ‘నలభైమందే వెతుకుతున్నారు’ అని వదిలేసినవారిని చూశాను.

దీన్ని మూడు పనులకు వాడండి. ‘గొలుసు’, ‘చైను’ లాంటి జంట మాటల్లో జనం దేన్ని వాడుతున్నారో పక్కపక్కన పెట్టి చూడటం. ఏడాదిలో ఏ నెలల్లో ఆసక్తి పెరుగుతుందో చూసి, అంతకు కనీసం రెండు నెలల ముందే పేజీ సిద్ధం చేయడం. మూడోది, సంబంధిత శోధనల్లో పెరుగుతున్నవాటిని గమనించడం. అక్కడ శాతానికి బదులు ‘బ్రేకవుట్’ అనే మాట ఉంటే పెరుగుదల 5,000 శాతం దాటిందని అర్థం. నిన్నటిదాకా దాదాపు ఎవరూ వెతకని మాట అది. నిజంగా మీ విషయానికి చెందినదైతే ఆ వారమే రాయండి. మరీ చిన్న మాటలకు ట్రెండ్స్ ఏమీ చూపించదు, వాటికి ఇది పనికిరాదు.

7. ఇప్పుడు టూల్‌లు

కాగితం నిండాక టూల్ తెరిస్తే అది మీకు సేవ చేస్తుంది. ఖాళీ కాగితంతో తెరిస్తే మీరే దాని వెంట పోతారు.

గూగుల్ కీవర్డ్ ప్లానర్ ప్రకటనలు ఇచ్చేవారి కోసం తయారైంది. ఆ సంగతి మరచిపోతే రెండు పొరపాట్లు జరుగుతాయి. మొదటిది ‘పోటీ’ అనే నిలువు వరస. అది ఆ మాట మీద ప్రకటనకర్తల మధ్య ఉన్న పోటీ. మామూలు ఫలితాల్లో పైకి రావడం ఎంత కష్టమో అది చెప్పదు. రెండోది సంఖ్యలు. ప్రకటనల మీద పెద్దగా ఖర్చు చేయని అకౌంట్లకు ‘100 నుంచి 1,000’ లాంటి విశాలమైన అంచనాలే కనబడతాయి. దగ్గరి రూపాలున్న మాటలను అది ఒకే గుంపుగా లెక్కగట్టడమూ ఉంది. కాబట్టి దాన్ని తూకంగా కాకుండా పెద్దదేదో చిన్నదేదో చెప్పే వేలుగా చూడండి. లెక్క సున్నా అని వచ్చిన మాటను కొట్టివేయకండి. ముగ్గురు వేర్వేరు మనుషులు మిమ్మల్ని అదే ప్రశ్న అడిగి ఉంటే, నేనైతే టూల్‌ను పక్కన పెట్టి ఆ ముగ్గురినే నమ్ముతాను.

కృత్రిమ మేధ చాట్‌లను కూడా వాడవచ్చు. ‘కీవర్డ్‌లు ఇవ్వు’ అంటే మళ్లీ ఆ పాత జాబితాయే వస్తుంది. దానికన్నా మీరు ఉన్నదున్నట్టు రాసుకున్న ఇరవై ప్రశ్నలు ఇచ్చి, ‘ఇవి అడిగినవారు జవాబు విన్నాక తర్వాత ఏమి అడుగుతారు’ అని అడగండి. కొన్ని మంచివి వస్తాయి. నెలకు ఇంతమంది వెతుకుతారని అది సంఖ్యలు చెబితే వాటిని రాసుకోవద్దు. శోధనల లెక్కలున్న సేవతో అనుసంధానం లేనప్పుడు ఆ సంఖ్యలకు ఆధారం ఉండదు.

8. జల్లెడ పట్టండి

ఇప్పుడు మీ దగ్గర వందో రెండు వందలో మాటలు ఉంటాయి. ఒక్కొక్కటి గూగుల్‌లో వెతికి మొదటి పేజీని కళ్లతో చూడండి. విసుగు పుట్టించే పనే, అయినా దీనికి ప్రత్యామ్నాయం లేదు. 2002లో ఆండ్రీ బ్రోడర్ అనే పరిశోధకుడు వెబ్ శోధనలను మూడుగా విభజించారు: ఒక చోటికి చేరడానికి చేసేవి, తెలుసుకోవడానికి చేసేవి, ఒక పని జరిపించుకోవడానికి చేసేవి. ఫలితాల పేజీ చూస్తే మీ మాట ఏ గుంపులోదో అర్థమవుతుంది. ‘సైకిలు చైను’ అని వెతికితే అన్నీ అమ్మకపు పేజీలే వస్తే, వెతికేవారు కొనడానికి వచ్చారు. అక్కడ మీ వ్యాసం ఎంత బాగున్నా నిలబడదు. చర్చా వేదికల్లోని పాత ప్రశ్నలు, విషయానికి దూరపు చుట్టాల్లాంటి పేజీలు వస్తే సంతోషించండి. సరైన జవాబు ఎవరూ రాయలేదన్నమాట.

రెండు మాటలకు ఒకే పేజీ చాలా, రెండు కావాలా అన్న సందేహం తరచుగా వస్తుంది. రెండింటినీ పక్కపక్క ట్యాబుల్లో వెతకండి. పది ఫలితాల్లో ఏడెనిమిది ఒకటే అయితే గూగుల్ దృష్టిలో ఆ ప్రశ్న ఒక్కటే, ఒకే పేజీ రాయండి. ఒకటి రెండే కలిస్తే విడివిడిగా రాయండి. ఈ పరీక్ష చేయకుండా ఒకే ప్రశ్నకు మూడు పేజీలు రాస్తే అవి ఒకదానికొకటి అడ్డుపడతాయి.

మిగిలినవాటిలో నాకు నిజంగా తెలిసిన జవాబు ఉన్నవాటినే ఉంచుకుంటాను. చేతితో చేసి చూడని మరమ్మతు గురించి ఎంత మంచి కీవర్డ్ దొరికినా రాయను. నలుగురి వ్యాసాలు కలిపి ఐదోది రాస్తే, దాన్ని నమ్మి స్పానర్ పట్టుకునే మనిషి సైకిలు పాడవుతుంది.

9. పట్టికలో పెట్టి, రాయడం మొదలుపెట్టండి

స్ప్రెడ్‌షీట్‌లో ఐదు నిలువు వరసలు చాలు: ఉన్నదున్నట్టు మాట, ఎక్కడ దొరికింది, ఏ తేదీన, అడిగినవారికి కావలసింది ఏమిటి, ఏ పేజీలోకి వెళ్తుంది. నాలుగో వరసను ఖాళీగా వదలవద్దు. అది నింపలేకపోతున్నారంటే ఆ మాట మీకు ఇంకా అర్థం కాలేదు.

పేజీ రాసేటప్పుడు ఆ మాటను శీర్షికలో, మొదటి పేరాలో సహజంగా వచ్చేలా పెట్టండి. తర్వాత దాన్ని లెక్కపెట్టుకుంటూ తిరిగి తిరిగి చొప్పించకండి. పేజీ కోడ్‌లో కీవర్డ్‌ల మెటా ట్యాగ్ (చదివేవారికి కనబడని, శోధన యంత్రాల కోసం రాసే వరస) నింపడానికి కొందరు ఇప్పటికీ గంటలు వెచ్చిస్తున్నారు. ర్యాంకింగ్‌కు దాన్ని వాడటం లేదని గూగుల్ 2009లోనే ప్రకటించింది. ఆ సమయంలో ఇంకొక పాఠకుడి ఉత్తరం చదవవచ్చు.

ఈ పని ఒక్కసారి చేసి ఆపేది కాదు. నెలకు ఒక గంట కేటాయించండి. ఆ గంటలో రెండో అడుగు, నాలుగో అడుగు చాలు, మిగతావి మూడు నెలలకోసారి. పేజీ ప్రచురించి ఆరు వారాలయ్యాక సెర్చ్ కన్సోల్‌లో ఆ పేజీని ఎంచుకుని, ఏ మాటలతో జనం దాని దగ్గరికి వచ్చారో చూడండి. మీరు ఊహించనివి కొన్ని తప్పకుండా ఉంటాయి. ‘చైను శబ్దం’ పేజీ కింద ‘రివర్స్‌లో తొక్కితే చైను ఊడిపోతోంది’ అని ఒకటి కనబడవచ్చు. దాన్ని దిద్దకుండా, అలాగే, పట్టికలో మొదటి వరసలో కొత్త గడిగా చేర్చి తేదీ వేయండి.